ఛాయాచిత్రకారుడు సభాపతియైన వృత్తాంతము: ఆగస్టస్ వాషింగ్టన్

రాజుల పేరు శాసనములందును, కవుల పేరు కావ్యములందును నిలుచును. ఇతరుల ముఖములను భావితరములకు నిలిపినవాని పేరు మాత్రము తరచుగా మరుగున బడును. అట్టివారిలో ఆగస్టస్ వాషింగ్టన్ ఒకడు.

ఇతడు 1820 ప్రాంతమున అమెరికాలోని ట్రెంటన్ పట్టణమున జన్మించెను. తండ్రి బానిసత్వమునుండి విముక్తుడైన నీగ్రో. తల్లి దక్షిణాసియా సంతతికి చెందినదని చరిత్రకారులు చెప్పుదురు. బాల్యమునుండియు విద్యాసక్తి మెండుగా గల యీతడు 1843లో డార్ట్‌మత్ కళాశాల ప్రవేశించెను. జీతమునకు ధనము చాలక, ఆ దినములలో నూతనముగా వెలసిన డాగెరోటైపు విద్యను అభ్యసించెను. వెండిపూత గల రాగిరేకును అయొడిన్ ఆవిరికి చూపి, కెమెరాలో నుంచి వెలుతురు సోకించి, పిదప పాదరసపు ఆవిరిచే బొమ్మను వెలువరించుట యీ విద్య. ఒక్కొక్క రేకుపై ఒక్క చిత్రమే యేర్పడును, దానికి ప్రతులుండవు. ఇంత శ్రమించినను ఋణము తీరలేదు. 1844లో చదువు మాని హార్ట్‌ఫర్డ్ నగరము చేరి, నల్లజాతి బాలుర పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యెను. 1846లో అచ్చటనే చిత్రశాల నెలకొల్పెను.

ఆ చిత్రశాలకు వచ్చినవారిలో జాన్ బ్రౌన్ అను ఉన్నివర్తకుడొకడు. అతడొక చేయి పైకెత్తి ప్రమాణము చేయువానివలెను, రెండవచేత పతాకము పట్టియు నిలువగా వాషింగ్టన్ చిత్రించెను. బానిసత్వమును రూపుమాపుటకు ఆయుధము బట్టి, 1859లో ఉరికంబమెక్కిన జాన్ బ్రౌన్ ఇతడే. నేడు లభించుచున్న అతని చిత్రములలో మిక్కిలి ప్రాచీనమైనది యిదియే. 1996లో వాషింగ్టన్ నగరమందలి జాతీయ చిత్తరువుల ప్రదర్శనశాల దానిని సంపాదించెను.

వృత్తి చక్కగా సాగుచుండెను. కాని 1850లో పారిపోయిన బానిసలను పట్టి యజమానుల కప్పగించు చట్టము కఠినతరమయ్యెను. స్వతంత్రుడైన నల్లవానికి సైతము భద్రత కరవయ్యెను. అమెరికాలో తన జాతికి సమానత్వము లభింపదని నిశ్చయించి, వలస పోవుటయే మేలని 1851లో న్యూయార్క్ ట్రిబ్యూన్ పత్రికకు లేఖ వ్రాసెను. నల్లవారిని సముద్రము దాటించుట వారిని దేశమునుండి వెడలగొట్టుటయే యని పలువురు నీగ్రో నాయకులు వాదించు కాలమది. అయినను 1853లో భార్యతోను, ఇరువురు బిడ్డలతోను ఆఫ్రికా పశ్చిమతీరమందలి లైబీరియాకు పయనమయ్యెను.

అమెరికా వలససంఘము 1822లో స్థాపించిన యా వసతి 1847లో స్వతంత్ర రిపబ్లిక్ అయ్యెను. పరదేశమున విద్యయే చుట్టమని భర్తృహరి చెప్పిన మాట వాషింగ్టన్ పట్ల అక్షరాల ఫలించెను. మన్రోవియాలో చిత్రశాల తెరచి, దేశాధ్యక్షుల, సెనేటు సభ్యుల చిత్రములు తీసెను. సియెర్రాలియోన్, గాంబియా, సెనెగల్ తీరములందును సంచరించి ధనమార్జించెను. సెయింట్ పాల్ నదీతీరమున భూమి సంపాదించి చెరకు పండించెను. తాను కోరి వచ్చిన దేశమే యైనను దాని దోషములను దాచలేదు. క్రొత్తగా దిగినవారి యిక్కట్లను అమెరికా పత్రికలకు నిర్భయముగా వ్రాసెను.

ఎవరి ముఖములను రేకులపై నిలిపెనో, ఆ శాసనకర్తల నడుమ తానును ఆసీనుడగు కాలము వచ్చెను. 1863లో ప్రతినిధిసభకు ఎన్నికయ్యెను. 1865 మొదలు 1869 వరకు సభాపతిగా నుండెను. 1871లో సెనేటు సభ్యుడయ్యెను. 1875 జూన్ 7వ తేదీన మన్రోవియాలో పరమపదించెను.

అయినను చరిత్ర పక్షపాతము వహింపరాదు. సముద్రము దాటి వచ్చినవారు తాము కోరిన స్వాతంత్ర్యమును అచ్చటి ఆదిమజాతులకు సమముగ పంచియీయలేదు. పీడితుడు పాలకుడైనపుడు తన పూర్వావస్థను మరువరాదను నీతి యిందు గలదు. అప్పుచే కళాశాల విడిచిన విద్యార్థి, నేర్చిన విద్యనే ఆధారముగా గొని సభాపతి పీఠము నధిష్ఠించుట గ్రంథాలయమునకు వచ్చు యువకులు గ్రహింపదగినది.