జొన్న సంకటి, పంది కూర: నవ్వే ముందు ఒక్కమాట



ఆదివారం మా ఇంట్లో జొన్న సంకటి, పంది కూర. ఈ మాంసంలో కొవ్వు తనే కరుగుతుంది, చెంచాడు నూనె చాలు. అల్లం వెల్లుల్లి, పసుపు, కారం పట్టించి సన్న సెగ మీద గంటపైన ఉడికిస్తే సరి. పక్కింటి కుర్రాడు చూసి, "ఏంటి బాబాయ్, ఎరుకలోళ్ళ కూడు తింటన్నారా?" అని నవ్వాడు. అందుకే ఇది రాస్తన్నాను.

తెనాలి, రేపల్లె, బాపట్ల అంటే వరి అనుకుంటాం. కానీ బెజవాడ ఆనకట్ట పూర్తయింది 1855లో. కాలవలు రాకముందు మన తాతల కంచంలోనూ జొన్న, సజ్జ, వరిగలే. 1832-33 కరువులో గుంటూరు సీమలో లెక్కలేనంత మంది పోయారు. ఆ చావులు చూశాకే ఆనకట్ట మాట గట్టిగా లేచింది.

ఎరుకలవారు ఆ రోజుల్లో పశువుల మీద సముద్రపు ఉప్పు మెట్ట ఊళ్ళకు మోసి, అక్కడి గింజలు తెచ్చేవాళ్ళు. బుట్టలు అల్లేవాళ్ళు, పందులు పెంచేవాళ్ళు. రైలొచ్చాక ఉప్పు బేరం పోయింది. బతుకుతెరువు పోయినోళ్ళకు దొరలు 'నేరస్థ జాతి' అని ముద్ర వేశారు. 1913 ప్రాంతంలో బాపట్ల పక్కన స్టూవర్టుపురం సెటిల్‌మెంటు పెట్టి, సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చారు. ఆ చట్టం దేశమంతటా రద్దయింది 1952లో.

చట్టం పోయింది. మన నవ్వు మాత్రం పోలేదు.

మన ఊళ్ళకు ఉప్పు మోసిన చేతుల వంట అది. మీ ఊళ్ళో ఉప్పు బేరం సంగతులు పెద్దోళ్ళు చెప్పుంటే రాయండి.