వాహనం లోపలి సైకిలు స్టాండు

కారు, వ్యాను వంటి వాహనాల లోపల సైకిలును కదలకుండా నిలబెట్టి తీసుకొనిపోవడానికి ఉపయోగించే చట్రమే '''లోపలి సైకిలు స్టాండు'''. పైకప్పుపైన, వెనుక తలుపుపైన బిగించే చట్రాలు వేరు. లోపల ఉంచిన సైకిలు వానకు, దుమ్ముకు, దొంగతనానికి అంతగా గురికాదు. వాహనాల కొలతలు ఒకదానికొకటి కలవవు కనుక చాలామంది దీనిని స్వయంగానో, వడ్రంగి చేతనో తయారు చేయించుకొంటారు.

== కొలతలు ==
పెద్దల సైకిలుకు రెండు ఇరుసుల మధ్య దూరం సుమారు 100 సెం.మీ., చక్రపు వ్యాసార్థం సుమారు 34 సెం.మీ. ఉంటాయి. అనగా మొత్తం పొడవు 168 సెం.మీ. ముందు చక్రం తీసివేస్తే ఇది దాదాపు 135 సెం.మీ.కు తగ్గుతుంది. ఫోర్కు కిందికి దిగుతుంది కాబట్టి హ్యాండిలు ఎత్తు కూడా తగ్గుతుంది. అయినా వెనుక తలుపులో పట్టకపోతే సీటును దించుకోవాలి.

== నిర్మాణం ==
18 మి.మీ. మందం గల ప్లైవుడ్ పలక పీఠంగా సరిపోతుంది. దానిపై చెక్క దిమ్మెను, దిమ్మెపై ఫోర్కును పట్టి ఉంచే ఇరుసును బిగించాలి. ఇందుకు చవకైన ఉపాయం పాత ముందు చక్రపు హబ్బు. ఊచలు తీసివేసి, యు ఆకారపు బోల్టులతో హబ్బును దిమ్మెకు బిగిస్తే చాలు. నేటి సైకిళ్ళలో ముందు ఫోర్కు కాళ్ళ మధ్య వెడల్పు ఎక్కువగా 100 మి.మీ. అయినప్పటికీ, కొన్ని కొండ సైకిళ్ళకు 110 మి.మీ. ఉంటుంది, కొలిచిన తరువాతనే హబ్బును ఎంచుకోవాలి. రెండు సైకిళ్ళు పెట్టదలచినచో హ్యాండిళ్ళు తగలకుండా ఒకదానిని వెనుకకు తిప్పి నిలపాలి.

కడ్డీ బ్రేకులు, పెద్ద మడ్‌గార్డులు గల పాతకాలపు సైకిళ్ళకు ఈ పద్ధతి అంత అనుకూలం కాదు. వాటి చక్రాన్ని మాటిమాటికి ఊడదీయడం శ్రమ. రెండు పలకల నడుమ గాడి చేసి చక్రాన్ని అందులో దించడం మేలు; అయితే పూర్తి పొడవు పట్టే వాహనం కావాలి.

== భద్రత ==
స్టాండును చక్కగా చేసి, దానిని వాహనానికి కట్టకుండా వదిలివేయడం తరచుగా కనిపించే లోపం. నిలబెట్టడం సులభమే, హఠాత్తుగా ఆగినప్పుడు పట్టి ఉంచడమే అసలు పని. గంటకు 50 కి.మీ. వేగంతో పోతున్న వాహనం దేనినైనా ఢీకొని అర మీటరులో ఆగిందనుకొంటే, లోపలి వస్తువులను ఆపడానికి వాటి బరువుకు సుమారు 20 రెట్ల బలం కావాలి. అంటే 12 కిలోల సైకిలు తన కట్లను దాదాపు 240 కిలోల బరువంత బలంతో లాగుతుంది. సాగే రబ్బరు తాళ్ళు దీనికి ఆగవు. మేకులు కూడా ఊడివస్తాయి కాబట్టి దిమ్మెను పలక అడుగు నుండి బోల్టులు, వెడల్పాటి వాషర్లతో బిగించి, పీఠాన్ని వాహనపు నేలలోని లోహపు కొక్కేలకు బిగింపు పట్టీలతో కట్టాలి. సీటు కింది గొట్టాన్ని పక్క కొక్కేనికి కడితే మలుపులలో సైకిలు ఒరగదు. విడదీసిన చక్రాన్ని కూడా కట్టివేయాలి.

హైడ్రాలిక్ డిస్కు బ్రేకులున్న సైకిలుకు చక్రం తీసిన తరువాత బ్రేకు పిడిని నొక్కరాదు; నొక్కితే ప్యాడ్లు దగ్గరకు వచ్చి, డిస్కు తిరిగి దూరదు. వాటి మధ్య మడిచిన అట్టముక్క ఉంచితే ఈ ఇబ్బంది రాదు.