విజిల్ మీది బరువు

మొన్న ఆదివారం కుక్కరు పొయ్యి మీద పెట్టి ఉల్లిపాయలు తరుగుతుంటే మావాడు పుస్తకం పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. ఐటీఐ అయిపోయింది, ఇప్పుడు బాయిలర్ అటెండెంట్ రెండో తరగతి సర్టిఫికెట్ పరీక్షకి చదువుతున్నాడు.

"అమ్మా, నీళ్ళు 100 డిగ్రీలకే మరిగిపోతాయి కదా. మరి బాయిలర్లో 180 డిగ్రీల నీళ్ళు ఎట్లా ఉంటాయి?" అన్నాడు.

నాది తెలుగు బీఏ. ఉత్పలమాలకి గణాలేమిటో అడిగితే చెప్తాను గానీ, నన్ను ఇట్లాంటివి అడిగితే ఎట్లా? అయితే అప్పుడే కుక్కరు మొదటి కూత పెట్టింది. దాంతో మా నాన్న గుర్తొచ్చారు. ఆయన ఉప్పుడు బియ్యం మిల్లులో ఊక బాయిలర్ దగ్గర ఇరవై ఏళ్ళు పనిచేశారు. ఈ పాఠం నాకు చిన్నప్పుడే కుక్కరు చూపించి చెప్పారు.

మామూలు గిన్నెలో నీళ్ళు మరిగితే ఆవిరి గాలిలోకి పోతుంది. మూత బిగిస్తే పోయే దారి లేక లోపలే పేరుకుని నీళ్ళని నొక్కుతుంది. ఆ ఒత్తిడికి నీళ్ళు 100 దగ్గర మరగలేవు, ఇంకా వేడెక్కాలి. మన కుక్కర్లో ఒత్తిడి బయటి గాలి కంటే చదరపు సెంటీమీటరుకి ఒక కిలో ఎక్కువ ఉంటే నీళ్ళు 120 డిగ్రీల దాకా పోతాయి. కందిపప్పు తొందరగా ఉడికేది అందుకే. మిల్లు బాయిలర్లో అదే ఒత్తిడి పది కిలోలైతే 180 దాటుతుంది.

ఈ కుక్కరుకి మూడువందల ఏళ్ళ పైన వయసుందంటే నమ్ముతారా? డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచి ఆయన 1679లో లండన్‌లోని రాయల్ సొసైటీ పెద్దలకి మూత బిగించిన ఒక పాత్ర చూపించాడు. గట్టి ఎముకల్ని కూడా మెత్తగా ఉడికించేదది. 1682లో దాంట్లో వండిన భోజనం ఆ సొసైటీ వాళ్ళకి పెట్టాడు కూడా. అయితే బిగించిన పాత్ర పగిలిపోతే ఎట్లా? పాపిన్ మూతకి ఒక రంధ్రం పెట్టి, దాన్ని మూసేందుకు కమ్మీ మీద బరువు తగిలించాడు. లోపలి ఒత్తిడి హద్దు దాటితే బరువు లేచి ఆవిరి బయటికి పోతుంది, తగ్గాక మళ్ళీ కూర్చుంటుంది. లోకంలో సేఫ్టీ వాల్వు మొదలైంది ఒక వంటపాత్ర మీదనన్న మాట!

మన విజిల్ లెక్క కూడా అంతే. కింద రంధ్రం అడ్డంగా 3 మిల్లీమీటర్లు ఉందనుకోండి. చదరపు సెంటీమీటరుకి ఒక కిలో ఒత్తిడిని ఆపడానికి దానిమీద డెబ్భై గ్రాముల బరువు చాలు. బరువు రెండింతలు చేస్తే లోపలి ఒత్తిడీ రెండింతలు అయ్యాకే లేస్తుంది. ఎంత ఒత్తిడి దాకా భద్రమో ఆ బరువే నిర్ణయిస్తుంది.

పాపిన్ తర్వాత ఎనభై ఏళ్ళకి, 1760ల మొదట్లో, గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ అనే ప్రొఫెసర్ ఇంకో సంగతి కనిపెట్టాడు. నీళ్ళు మరగడం మొదలయ్యాక ఎంత మంట పెట్టినా వేడి డిగ్రీ పెరగదు. మరి ఆ మంటంతా ఏమవుతోంది? ఆవిరిలో దాక్కుంటోంది! కిలో నీళ్ళని 30 డిగ్రీల నుంచి 100కి తేవడానికి 70 కిలో కేలరీలు చాలు. ఆ కిలో నీళ్ళూ ఆవిరి కావడానికి ఇంకో 540 కావాలి. చేతికి వేడినీళ్ళు తగిలినదానికంటే ఆవిరి తగిలితే ఎక్కువ కాలేది ఇందుకే. ఆవిరి చర్మం మీద నీరవుతూ దాచుకున్న వేడంతా ఇచ్చేస్తుంది. బ్లాక్‌కి స్నేహితుడైన జేమ్స్ వాట్ కూడా ఈ లెక్కతో తల పట్టుకునే, 1769లో పేటెంటు తీసుకున్న తన ఇంజన్ని తయారుచేశాడు.

వాట్‌కి ఎక్కువ ఒత్తిడంటే భయం. ఆ తర్వాతి వాడు రిచర్డ్ ట్రెవితిక్‌కి ఆ భయం లేదు. ఒత్తిడి పెంచితే చిన్న ఇంజనే పెద్ద పని చేస్తుందని చూపించాడు. 1803లో లండన్ పక్కన గ్రీనిచ్‌లో అతని బాయిలర్ ఒకటి పేలి నలుగురు చనిపోయారు. చూసుకోవాల్సిన కుర్రాడు చేపలు పట్టడానికి పోయాడట. ఆవిరి పోయే వాల్వేమో లేవకుండా బిగించి ఉంది. ఆ తర్వాత ట్రెవితిక్ తన బాయిలర్లకి రెండు సేఫ్టీ వాల్వులు పెట్టాడు. నీళ్ళు తగ్గితే కరిగిపోయే సీసం బిరడా కూడా పెట్టాడు. మన కుక్కరు మూతకి చిన్న సేఫ్టీ ప్లగ్గు ఉంటుంది చూడండి, అది ఈ సీసం బిరడాకి మనవరాలే.

నీళ్ళు ఎందుకు తగ్గకూడదో మనకి ఒకరు చెప్పాలా? పులుసు ఉన్నంతసేపూ గిన్నె మాడదు, ఇగిరిపోయిందంటే నిమిషంలో మాడుతుంది. మంట వేడిని నీళ్ళు లాక్కుంటున్నంతకాలం ఇనుము బలంగా ఉంటుంది. నీళ్ళు లేకపోతే ఎర్రబడి మెత్తబడుతుంది. నాన్న డ్యూటీ ఎక్కగానే ముందు గాజుగొట్టంలో నీటిమట్టం చూసేవారు. మట్టం కనపడకపోతే చల్లనీళ్ళు పోయరు, మంట తీసేస్తారు. ఎర్రగా కాలిన ఇనుము మీద నీళ్ళు పడితే ఒక్కసారే ఆవిరై ముంచుకొస్తుంది.

పేలితే అంత ఘోరం ఎందుకంటే, లోపల ఆవిరొక్కటే కాదు, 180 డిగ్రీల నీళ్ళు కూడా ఉంటాయి. రేకు చీలగానే ఒత్తిడి పోతుంది. అప్పుడు ఆ నీళ్ళలో ఆరో వంతు దాకా క్షణంలో ఆవిరవుతాయి. నీళ్ళు ఆవిరైతే పదహారువందల రెట్ల పైన ఉబ్బుతాయి. ఆ లెక్కన వెయ్యి లీటర్ల నీళ్ళున్న బాయిలర్ నుంచి రెండు లక్షల లీటర్లకి మించిన ఆవిరి వస్తుంది. ఏ గోడ ఆగుతుంది?

మన దేశంలో 1863లో కలకత్తాలో ఒక బాయిలర్ పేలి చాలామంది పోయారు. ఆ మరుసటి ఏడు బెంగాల్లో బాయిలర్లని తనిఖీ చేసే చట్టం వచ్చింది. తర్వాత ఒక్కో రాష్ట్రానికీ ఒక్కో చట్టం వచ్చి, చివరికి 1923లో అందరికీ కలిపి ఇండియన్ బాయిలర్స్ చట్టం చేశారు. అది 1924 జనవరి 1 నుంచి అమల్లోకొచ్చింది. తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు, సర్టిఫికెట్టు ఉన్న మనిషి, ఇవన్నీ ఆ చనిపోయినవాళ్ళ పుణ్యాన వచ్చినవే. మా అచ్చంపేట మండలం అంచున పారే కృష్ణే దిగువన ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ పక్కనుంచి పోతుంది. అక్కడ 1979 నుంచి కరెంటు తీస్తున్నారు. ఆ బాయిలర్లలో ఒత్తిడి వంద కిలోలు దాటుతుంది. మన ఇళ్ళలో లైటు వెలుగుతోందంటే అక్కడ ఎవరో ఒకరు ఆ ముల్లుని చూస్తూ కూర్చున్నట్టే.

ఇంతా చెప్పి అసలు సంగతి దాచడం దేనికి? నేను ఏడో తరగతిలో ఉండగా ఒక సీజన్లో నాన్న మిల్లులో ఆర్డరు ఆలస్యమైంది. పాత బాయిలరు, వాల్వు కమ్మీకి బరువు వేలాడుతుండేది. దానికి ఇంకో ఇనపముక్క కట్టమన్నారు యజమాని. నాన్న కట్టనన్నారు. మాటా మాటా పెరిగింది. మంట తీసేసి, ఆవిరి దిగేదాకా అక్కడే ఉండి ఇంటికొచ్చేశారు. నెలన్నర పని లేదు. అమ్మ గాజులు తాకట్టుకి పోయాయి. "వాళ్ళ మిల్లు వాళ్ళిష్టం, మీకెందుకండీ?" అని అమ్మ ఏడిస్తే నాన్న ఒక్కమాటే అన్నారు. "గోడ అవతల ఊక ఎత్తే ఆడవాళ్ళు పదిమంది ఉన్నారే."

తర్వాత నాన్నకి వేరే మిల్లులో తక్కువ జీతానికి పని దొరికింది. గాజులు మాత్రం మళ్ళీ ఇంటికి రాలేదు. అమ్మది తప్పని నేను అనను. పొయ్యిలోకి బియ్యం చూసుకోవాల్సింది ఆవిడేగా! అయితే ఆ రోజు తాతయ్య వెనక అమ్మమ్మ కూడా నిలబడుంటే ఆయనకి ఎంత బలంగా ఉండేదో అని ఇప్పుడనిపిస్తోంది.

మావాడికి ఇదంతా చెప్పి, "రేపు నీ చేత ఎవరైనా బరువు కట్టమంటే ఇంటికొచ్చెయ్ నాన్నా. జీతం ఏమైందని ఈ ఇంట్లో ఎవరూ అడగరు" అన్నాను. వాడు ఏమీ అనలేదు. ఆవిరి పూర్తిగా దిగేదాకా కుక్కరు దగ్గరే నిలబడి, విజిల్ తీసి, రంధ్రంలో పప్పు ఇరుక్కుందేమోనని వెలుగుకి ఎత్తి చూశాడు. అచ్చం వాళ్ళ తాతయ్య చూసినట్టే.