ఖాళీ కుర్చీలూ, ఇల్లూరు సంజీవరెడ్డీ

ఇన్‌ఛార్జి తహసీల్దారు, ఎఫ్‌ఏసీ ఎంఈవో, యాక్టింగ్ చీఫ్ జస్టిస్, ప్రొటెం స్పీకర్, ఆపద్ధర్మ ముఖ్యమంత్రి. ఒకరి కుర్చీలో ఇంకొకరు కొన్నాళ్లు కూర్చుంటే మన ఆఫీసులూ పత్రికలూ పెట్టే పేర్లు ఇన్ని. చాలావరకు దొరల కచేరీల నుంచి మనకు సంక్రమించినవే. పనిబడి మండలాఫీసుకు వెళ్లిన రైతు ముందు ఆరా తీసేది, సారు రెగ్యులరా, ఇన్‌ఛార్జా అని. ఇన్‌ఛార్జి అయితే సంతకం పడుతుందో లేదోనని ఆయన అనుమానం. ఢిల్లీలో మాత్రం వ్యవహారం తలకిందులు. దేశ చరిత్రను మలుపు తిప్పిన కొన్ని సంతకాలు అక్కడ తాత్కాలికులే పెట్టారు. ఆ సంతకాల చుట్టూ తిరిగిన రాజకీయంలో అనంతపురం జిల్లా మనిషి ఒకరు పదే పదే కనిపిస్తారు. ఆయన నీలం సంజీవరెడ్డి.

సంజీవరెడ్డి 1913 మే 19న ఇప్పటి గార్లదిన్నె మండలం ఇల్లూరులో పుట్టారు. అనంతపురం ఆర్ట్స్ కాలేజీ చదువును 1931లో సగంలో వదిలి ఉద్యమంలో దూకారు. 1953లో ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం పంతులు దగ్గర ఉపముఖ్యమంత్రి, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి, 1967లో లోక్‌సభ స్పీకర్.

ఆయన ఆ స్పీకర్ కుర్చీలో ఉండగానే 1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ కన్నుమూశారు. పదవిలో ఉండగా రాష్ట్రపతి మరణించడం అదే మొదలు. రాజ్యాంగం ప్రకారం ఉపరాష్ట్రపతి వి.వి.గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. ఆరు నెలల్లోగా ఎన్నిక జరపాలి. మరి ఆ ఉపరాష్ట్రపతి కూడా తప్పుకుంటే? దానికి అప్పటిదాకా జవాబు లేదు. ఆ నెలలోనే పార్లమెంటు ఒక చట్టం చేసింది: ఇద్దరూ లేకపోతే సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఆ బాధ్యత చూడాలి. రెండు నెలలు తిరక్కుండానే దాని అవసరం పడింది.

బెంగళూరులో కాంగ్రెస్ పెద్దలు సంజీవరెడ్డిని అభ్యర్థిగా నిలబెట్టారు. ఇందిరాగాంధీకి అది మింగుడుపడలేదు. జులై 19న తాత్కాలిక రాష్ట్రపతి గిరి 14 బ్యాంకుల జాతీయకరణ ఆర్డినెన్సుపై సంతకం చేశారు. పదవిలో మిగిలింది ఒక్కరోజు, పెట్టింది ఆ దశాబ్దపు అతిపెద్ద ఆర్థిక నిర్ణయం మీద సంతకం! మర్నాడే రాజీనామా చేసి స్వతంత్ర అభ్యర్థిగా బరిలో దిగారు. స్పీకర్ పదవి వదిలి సంజీవరెడ్డీ సిద్ధమయ్యారు. రాష్ట్రపతి భవన్‌లోకి ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా వచ్చారు. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ఢిల్లీలో దిగినప్పుడు స్వాగతం పలికింది ఈ రెండో తాత్కాలికుడే.

పోటీలో ముందున్న ఇద్దరూ తెలుగువాళ్లే. అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటేయమని ఇందిర ఇచ్చిన పిలుపుతో కాంగ్రెస్ ఓట్లు చీలాయి. తొలి ప్రాధాన్య ఓట్ల లెక్కలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548. ఎవరికీ సరిపోలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు కలిపాక గిరికి 4,20,077, రెడ్డిగారికి 4,05,427. తేడా 14,650. ఓడిన అభ్యర్థి అనంతపురం తిరిగొచ్చి సేద్యం చూసుకున్నారు. కాంగ్రెస్ మాత్రం ఆ ఏడాది గడవకముందే రెండుగా చీలిపోయింది.

ఎనిమిదేళ్లు గడిచాయి. 1977 ఫిబ్రవరి 11న ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ మరణంతో కుర్చీ మళ్లీ ఖాళీ అయింది. ఉపరాష్ట్రపతి బి.డి.జెత్తి తాత్కాలిక రాష్ట్రపతి. ఎమర్జెన్సీ ఎత్తివేతా, మొరార్జీ దేశాయ్ ప్రమాణ స్వీకారమూ ఆయన హయాంలోనే. కాంగ్రెస్ పాలనలోని తొమ్మిది అసెంబ్లీలను రద్దు చేయమని జనతా ప్రభుత్వం కాగితం పంపితే జెత్తి వెంటనే చేయి కదపలేదు. తటపటాయించి ఏప్రిల్ 30న సంతకం చేశారు. కొన్నాళ్ల మనిషికి అంత సంకోచం అవసరమా అన్నవాళ్లున్నారు. కొన్నాళ్ల మనిషి కాబట్టే అవసరమని ఈ వ్యాసకర్తకు తోస్తుంది.

మొరార్జీని ప్రధానిని చేసిన ఆ ఏటి లోక్‌సభ ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కు పోగా మిగిలిన ఒక్కటీ నంద్యాల. గెలిచింది సంజీవరెడ్డి. మళ్లీ స్పీకరయ్యారు, జులైలో మళ్లీ రాజీనామా చేశారు. రాష్ట్రపతి పదవికి 37 మంది నామినేషన్లు వేస్తే 36 తిరస్కరణకు గురయ్యాయి. జులై 25న జెత్తి ఖాళీ చేసిన కుర్చీలో ఏకగ్రీవంగా కూర్చున్నారు.

ఇప్పుడు తాత్కాలికుడి హద్దులు గీసే పని ఆయన మీదే పడింది. 1979 జులైలో మొరార్జీ రాజీనామా చేశారు, 28న చరణ్‌సింగ్ ప్రధాని అయ్యారు. ఇందిర మద్దతు ఉపసంహరించుకోవడంతో లోక్‌సభను ఎదుర్కోకుండానే ఆగస్టు 20న ఆయనా తప్పుకున్నారు. తనకు అవకాశమివ్వాలని జనతా నాయకుడు జగ్జీవన్‌రామ్ పట్టుబట్టారు. సంజీవరెడ్డి ఒప్పుకోలేదు. 22న సభను రద్దు చేసి, ఎన్నికలయ్యేదాకా చరణ్‌సింగ్‌నే కొనసాగమన్నారు. దీనిపై విమర్శలు ఇప్పటికీ ఆగలేదు. కానీ ఆయన ఒక షరతు పెట్టారు: కొత్త విధానాలు వద్దు, భారీ కొత్త ఖర్చులు వద్దు, పెద్ద పాలనాపరమైన నిర్ణయాలు వద్దు. ఆపద్ధర్మ ప్రభుత్వమన్న మాటే రాజ్యాంగంలో లేదు. అంతకుముందు గుల్జారీలాల్ నందా 1964లో, 1966లో పదమూడేసి రోజులు తాత్కాలిక ప్రధానిగా ఉన్నప్పుడు ఇలాంటి గీతలు గీయాల్సిన అగత్యం రాలేదు. ఇక్కడేమో దాదాపు అయిదు నెలలు. పైగా 1979 దేశమంతటా కరువు. ఎన్నికలయ్యేదాకా ఆగమని కరువుకు ఎవరూ చెప్పలేరు. ఆ సంగతి అనంతపురం మనిషికి ఒకరు నేర్పాలా? అందుకే కాబోలు, గీత మరీ బిగుసుకోలేదు. నిత్యావసరాల బ్లాక్‌మార్కెటింగుపై నిర్బంధ ఆర్డినెన్సు ఆ అక్టోబరులోనే ఆయన సంతకంతో వెలువడింది. చరణ్‌సింగ్‌ కొనసాగింపు వివాదం కలకత్తా హైకోర్టు దాకా వెళ్లింది. అలాంటి ప్రభుత్వం రోజువారీ పాలనకు పరిమితం కావాలన్న ధోరణిలోనే కోర్టూ మాట్లాడింది.

ఆ ఆగస్టు చివర్లోనే సంజీవరెడ్డికి కొత్త ఉపరాష్ట్రపతి వచ్చారు. 1969లో ఆయన ఓటమి తేలిన రోజున రాష్ట్రపతి భవన్‌లో ఉన్న హిదయతుల్లాయే ఆయన. సంజీవరెడ్డి 1982 జులై 25న పదవీకాలం ముగించుకొని అనంతపురం బాట పట్టారు. అక్టోబరులో కొత్త రాష్ట్రపతి జైల్‌సింగ్ వైద్యానికి అమెరికా వెళ్తే, నెలాఖరుదాకా ఆ బాధ్యతలు చూసింది కూడా హిదయతుల్లాయే.