ఫతే మైదాన్‌లో మూడు ఫిబ్రవరులు

2005 ఫిబ్రవరి 12, శనివారం. హైదరాబాద్ ఫతే మైదాన్ టెన్నిస్ కోర్టులో ఉక్రెయిన్ అమ్మాయి అల్యోనా బొందారెంకోను సానియా మీర్జా 6-4, 5-7, 6-3తో ఓడించింది. అప్పటికి సానియాకు 18 ఏళ్లు. మహిళల టెన్నిస్‌ను నడిపే డబ్ల్యూటీఏ టూర్‌లో భారతీయురాలు సింగిల్స్ టైటిల్ గెలవడం అదే తొలిసారి. ఇరవై ఏళ్లు దాటినా మరో భారతీయురాలికి ఆ గెలుపు దక్కలేదు. సానియా సైతం ఆ తర్వాత డబుల్స్‌లో, మిక్స్‌డ్ డబుల్స్‌లో కలిపి 6 గ్రాండ్‌స్లామ్‌లు గెలిచి, 2015లో డబుల్స్ ప్రపంచ నంబర్ వన్ అయింది గానీ, సింగిల్స్‌లో ఆమె టూర్ టైటిల్ మాత్రం సొంత ఊళ్లో గెలిచిన ఆ ఒక్కటే.

ఆ గెలుపును అందరూ ఆ అమ్మాయి ప్రతిభ ఖాతాలో రాశారు. రాయాల్సిందే. అయితే ఆ ఖాతాలో రెండో పేరు కూడా ఉండాలి, అది ఆ పోటీ పేరు. 2003, 2004, 2005, వరసగా మూడు ఫిబ్రవరుల్లో ఫతే మైదాన్‌లో హైదరాబాద్ ఓపెన్ జరిగింది. ఆ మూడేళ్లు లేకపోతే 2005 ఇలా ఉండేది కాదు.

ఫతే మైదాన్ పాత జాగ. 1687లో ఔరంగజేబు గోల్కొండను ఎనిమిది నెలలు ముట్టడించినప్పుడు మొగలు సైన్యం ఇక్కడే గుడారాలు వేసిందని, కోట చిక్కాక గెలుపు మైదానమని ఈ పేరు పెట్టారని చెబుతారు. ఆసఫ్‌జాహీల కాలంలో ఇది పోలో మైదానం. 1967లో ఇక్కడి స్టేడియానికి లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. ఇప్పటికీ పాత హైదరాబాదీల నోట ఫతే మైదానే.

టెన్నిస్ ఈ ఊరికి సానియాతో రాలేదు. ఆమెకు ఎనభై ఏళ్ల ముందే సయ్యద్ మహమ్మద్ హాదీ అనే హైదరాబాదీ ఉన్నాడు. కేంబ్రిడ్జిలో చదువుకున్నాడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో భారత్ తరఫున టెన్నిస్ ఆడాడు, 1924, 1925లో డేవిస్ కప్ ఆడాడు. క్రికెట్, హాకీ, ఫుట్‌బాల్, పోలో, చదరంగం, టేబుల్ టెన్నిస్ కూడా బాగా ఆడేవాడు కాబట్టి ఏడు రంగుల సింగిడిలా 'రెయిన్‌బో హాదీ' అన్నారు. రంజీ ట్రోఫీ మొదలైన 1934-35 సీజన్‌లో మద్రాసు మీద 132 నాటౌట్ కొట్టి, ఆ ట్రోఫీ చరిత్రలో మొదటి సెంచరీ తన పేరిట రాసుకున్నదీ ఆయనే. ఇంతటి ఆటగాడి పేరు తెలంగాణ బడి పిల్లల్లో ఎందరికి తెలుసు? పాఠ్యపుస్తకంలో ఒక పేజీకి ఆయన పూర్తిగా అర్హుడు.

హాదీ కాలపు టెన్నిస్ నవాబులది, సికింద్రాబాద్ కంటోన్మెంట్ దొరలది, వాళ్ల కింద పనిచేసే పెద్ద అధికారులది. జిల్లాలకూ అది అధికారుల వెంటే వచ్చింది. పాలమూరు 1890లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు మీద మహబూబ్‌నగర్ అయింది. ఇలాంటి జిల్లా కేంద్రాల్లో టెన్నిస్ అంటే ఆఫీసర్స్ క్లబ్బు. సాయంత్రం కచేరీ ముగిశాక కలెక్టరు, జడ్జి, పోలీసు సూపరింటెండెంటు, ఇంజనీరు, డాక్టరు అక్కడ కలుస్తారు. కోర్టు బయట బంతులు ఏరి ఇచ్చే పిల్లవాడు ఆట మొత్తం చూస్తాడు, రాకెట్ మాత్రం పట్టుకోడు. నల్లగొండ, మహబూబ్‌నగర్ పిల్లలు కబడ్డీ, వాలీబాల్, కుస్తీ ఆడుతూ పెరిగారు. వాటికి వలో, గీతో, మట్టో ఉంటే చాలు. టెన్నిస్‌కు రాకెట్ కావాలి, దాని తీగలు తెగితే మళ్లీ వేయించాలి, కొత్త బంతుల డబ్బా కావాలి, అన్నిటికంటే ముందు క్లబ్బు గేటు తెరుచుకోవాలి.

ఆ కోర్టు తయారీలో మాత్రం ఊరి చెయ్యి ఉంది. మట్టి కోర్టంటే నేల చదును చేసి, మొరం పరిచి, నీళ్లు చల్లి, బరువైన రోలరుతో మళ్లీ మళ్లీ తొక్కించాలి. ఆ పైన దుమ్ము లేవకుండా, మట్టి పట్టు తప్పకుండా పేడనీళ్లతో అలకాలి. తెల్లారకముందే ఇంటి ముందు సాన్పు చల్లినట్టే, చేతి ఒడుపు తెలిసినవాళ్లే ఆ పని చేయగలరు. పలచనైతే రెండు రోజుల్లో లేచిపోతుంది, చిక్కనైతే పొలుసులు కడుతుంది. ఆరాక సున్నంతో గీతలు గీయాలి. చిన్నప్పుడు తాము పేడతో అలికిన కోర్టుల మీదే ఆడామని సానియా ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పింది. విదేశీ విలేకరులకు అది వింతగా వినిపించింది. మన దగ్గర అది ఎవరికీ వింత కాదు. ఆశ్చర్యపోవాల్సింది మరొకటుంది: అలాంటి నేల మీద ఆట నేర్చుకున్న పిల్ల, బంతి వడిగా దూసుకొచ్చే గట్టి కోర్టుల మీద పదిహేను, పదహారేళ్లకే ప్రపంచంతో తలపడింది.

సానియా 1986 నవంబరు 15న బొంబాయిలో పుట్టింది, పెరిగింది హైదరాబాద్‌లో. ఆరేళ్లకు నిజాం క్లబ్బులో రాకెట్ పట్టింది. టెన్నిస్ ఆటగాడు మహేశ్ భూపతి తండ్రి కృష్ణ భూపతి దగ్గర ఓనమాలు దిద్దింది. తండ్రి ఇమ్రాన్ మీర్జాయే తర్వాత చాలా ఏళ్లు కోచ్. 2003లో వింబుల్డన్ బాలికల డబుల్స్‌ను రష్యాకు చెందిన అలీసా క్లెయ్‌బనోవాతో కలిసి గెలిచింది. అదే ఏడాది హైదరాబాద్‌లోనే జరిగిన ఆఫ్రో-ఏషియన్ క్రీడల్లో 4 స్వర్ణాలు కొట్టింది.

బాలికల పోటీల్లో గెలిచినవాళ్లు ప్రొఫెషనల్ టెన్నిస్‌లో తప్పిపోవడం మామూలే. దానికి కారణం ర్యాంకింగ్ పద్ధతిలోనే ఉంది. పెద్ద పోటీల్లో నేరుగా ఆడాలంటే ర్యాంకు కావాలి, ర్యాంకు రావాలంటే పెద్ద పోటీల్లో ఆడి పాయింట్లు తెచ్చుకోవాలి. తెచ్చుకున్న పాయింట్లూ 52 వారాలే నిలుస్తాయి, ఆపైన రాలిపోతాయి. యూరప్‌లో పుట్టిన అమ్మాయి రైలెక్కి పక్క దేశంలో పోటీ ఆడి వస్తుంది. హైదరాబాద్ అమ్మాయి విమానం ఎక్కాలి, వీసా తెచ్చుకోవాలి, హోటలుకు కట్టాలి, మొదటి రౌండులోనే ఓడితే ఆ ఖర్చంతా మీద వేసుకుని తిరిగిరావాలి. ఈ చిక్కుముడిని తేలిగ్గా విప్పేది వైల్డ్ కార్డు. పోటీ నిర్వాహకులు ర్యాంకుతో పని లేకుండా కొద్దిమందికి నేరుగా చోటిస్తారు. ఆ చోటు చాలావరకు స్థానికులకే దక్కుతుంది. అంటే పోటీ ఎవరి ఊళ్లో జరిగితే వాళ్ల పిల్లలకే ఆ తలుపు తెరుచుకుంటుంది.

హైదరాబాద్‌లో ఆ తలుపు ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ పేరుతో తెరుచుకుంది. నగరాన్ని ప్రపంచపటం మీద నిలబెట్టాలని నాటి ప్రభుత్వం పట్టుదలగా ఉన్న రోజులవి. డబ్ల్యూటీఏ అంతస్తుల్లో హైదరాబాద్ ఓపెన్ నాలుగో శ్రేణి పోటీ, ప్రైజ్‌మనీ 1,40,000 డాలర్లు. అవే ఏళ్లలో దక్షిణ తెలంగాణ కరువుతో ఎండింది, పాలమూరు కూలీలు ముఠాలుగా కట్టుకుని దేశమంతా వలసపోయారు. నల్లగొండ ఊళ్లలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిన మనుషులు కృష్ణా నీళ్ల కోసం ధర్నాలు చేశారు. సర్కారు డబ్బుతో టెన్నిస్ ఏమిటన్న ప్రశ్న ఆ జిల్లాల నుంచి న్యాయమైనదే. ఆ ప్రశ్నకు జవాబు పోటీ రద్దు చేయడం మాత్రం కాదని ఈ వ్యాసకర్త నమ్మకం. ఆ తలుపు జిల్లా పిల్లలకూ తెరుచుకునేలా చూడాల్సింది. ఆ పని అప్పుడూ జరగలేదు, తర్వాతా జరగలేదు.

2003 ఫిబ్రవరిలో పదహారేళ్ల సానియా వైల్డ్ కార్డుతో టూర్‌లో అడుగుపెట్టింది, రష్యా క్రీడాకారిణి యెవ్గెనియా కులికోవ్‌స్కాయా చేతిలో మొదటి రౌండులోనే ఓడింది. ఆ ఏడాది టైటిల్ థాయ్‌లాండ్‌కు చెందిన తమరిన్ తనసుగర్న్‌ది.

2004లో మళ్లీ వైల్డ్ కార్డు. మళ్లీ మొదటి రౌండులోనే ఓటమి, కానీ ఈసారి ఆస్ట్రేలియాకు చెందిన నికోల్ ప్రాట్‌తో మూడు సెట్లు పోరాడింది. ఆ ప్రాటే ఆ వారం టైటిల్ గెలిచింది. ముప్పై ఏళ్ల వయసులో, ఎన్నో ఏళ్లు టూర్ తిరిగాక వచ్చిన ఆ గెలుపు ఆమె జీవితంలో ఏకైక సింగిల్స్ టైటిల్‌గా నిలిచింది. అదే వారం సానియా దక్షిణాఫ్రికాకు చెందిన లీజెల్ హ్యూబర్‌తో కలిసి డబుల్స్ గెలిచింది. ఫైనల్లో వాళ్లు ఓడించింది చైనా జంట లీ టింగ్, సున్ తియాన్‌తియాన్‌లను. ఆ చైనా జంట అదే ఏడాది ఆగస్టులో ఏథెన్స్ ఒలింపిక్స్ స్వర్ణం గెలిచింది. 2005లో ఇక్కడ డబుల్స్ గెలిచిన జెంగ్ జీ, యాన్ జి మరుసటి ఏడాది ఆస్ట్రేలియన్ ఓపెన్, వింబుల్డన్ రెండూ గెలిచారు. నాలుగో శ్రేణి పోటీ అని చిన్నచూపు చూసినవాళ్లు గమనించనిది ఇదే: రేపటి విజేతలు ఫతే మైదాన్‌లో ఈ రోజే ఆడుతున్నారు, హైదరాబాద్ పిల్లలు గ్యాలరీలో కూర్చుని వాళ్లను చూస్తున్నారు.

ఇక 2005. జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్‌కూ వైల్డ్ కార్డే. సిండీ వాట్సన్‌ను, హంగరీకి చెందిన పెట్రా మందులాను ఓడించి సానియా మూడో రౌండుకు చేరింది. గ్రాండ్‌స్లామ్ సింగిల్స్‌లో అంతదూరం వెళ్లిన భారతీయ మహిళ అంతకుముందు లేదు. అక్కడ సెరెనా విలియమ్స్ 6-1, 6-4తో ఆపింది. మొదటి సెట్లో వణికిన అమ్మాయి రెండో సెట్లో ఎదురుతిరగడం దేశమంతా చూసింది. సెరెనా ఆ టోర్నీ గెలిచింది.

మూడు వారాల్లో హైదరాబాద్ టైటిల్, దాంతో ర్యాంకుల్లో తొలి వందలో చోటు. ఇక వైల్డ్ కార్డుల కోసం ఎదురుచూసే అవసరం తీరింది. మార్చి మొదట్లో దుబాయ్‌లో స్వెత్లానా కుజ్‌నెత్సోవా ఎదురైంది. అంతకు ఆరు నెలల ముందే యూఎస్ ఓపెన్ గెలిచిన రష్యన్ ఆమె. సానియా 6-4, 6-2తో గెలిచింది. సర్వీసు, అందులోనూ రెండో సర్వీసు, సానియాకు ఎప్పుడూ బలహీనతే. కానీ ఆ ఫోర్‌హ్యాండ్! మణికట్టు చివరి క్షణంలో విదిలించడంతో బంతి ఎటు వెళుతుందో అవతలి మనిషికి ముందుగా అందేది కాదు. వెనక్కి తగ్గి బంతి కోసం ఆగే అలవాటు లేదు, ముందుకొచ్చి బంతి పైకి లేస్తుండగానే కొట్టేది. అందుకే ఆమె ఆటలో తప్పులూ ఎక్కువే, చూసేవాళ్లకు ఊపిరాడని క్షణాలూ ఎక్కువే.

జూన్‌లో వింబుల్డన్ రెండో రౌండులో కుజ్‌నెత్సోవా మూడు సెట్లలో బదులు తీర్చుకుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో యూఎస్ ఓపెన్. మషోనా వాషింగ్టన్, మరియా ఎలెనా కామెరిన్, మారియన్ బార్తోలీ వరసగా ఓడారు. నాలుగో రౌండులో మరియా షరపోవా 6-2, 6-1తో ఓడించింది. ఏడాది చివరికి సానియా ర్యాంకు 31. డబ్ల్యూటీఏ ఆమెను ఆ ఏటి మేటి కొత్త క్రీడాకారిణిగా ఎంపిక చేసింది. 2006లో పద్మశ్రీ వచ్చింది.

అదే 2006లో హైదరాబాద్ ఓపెన్ రాలేదు. పోటీ బెంగళూరుకు తరలిపోయింది. అక్కడ 2006లో మారా సాంతాంజెలో, 2007లో యరొస్లావా ష్వెదోవా, 2008లో సెరెనా విలియమ్స్ గెలిచారు. అంటే మూడో ఏటికే బెంగళూరు సెరెనాను రప్పించే స్థాయికి ఎదిగింది. పురుషుల టూర్ పోటీని చెన్నై 1997 నుంచి 2017 దాకా నిలబెట్టుకుంది. హైదరాబాద్ మాత్రం తన పోటీలో తన బిడ్డ గెలిచిన మరుసటి ఏడే దాన్ని వదులుకుంది. ఆ తర్వాత ఇక్కడికి ప్రదర్శన మ్యాచ్‌లు వచ్చాయి, లీగులు వచ్చాయి, టూర్ స్థాయి మహిళల పోటీ మళ్లీ రాలేదు.

అయినా 2005 ఊరికే పోలేదు. హైదరాబాద్ అకాడమీల్లో ఆడపిల్లల సంఖ్య పెరిగింది. 2013లో సానియా తన అకాడమీని మొయినాబాద్ దగ్గర ముర్తుజాగూడలో తెరిచింది. 2014లో కొత్త తెలంగాణ రాష్ట్రం ఆమెను ప్రచారకర్తగా ఎంచుకుంది. 2023 మార్చి 5న ఆమె వీడ్కోలు మ్యాచ్ ఆడింది కూడా లాల్ బహదూర్ టెన్నిస్ స్టేడియంలోనే.

2025 ఏప్రిల్‌లో పుణెలో జరిగిన, దేశాల మహిళా జట్లు తలపడే బిల్లీ జీన్ కింగ్ కప్ ఆసియా-ఓషియానియా పోటీల్లో హైదరాబాద్ అమ్మాయి భమిడిపాటి శ్రీవల్లి రష్మిక ఆడిన 5 సింగిల్స్ మ్యాచ్‌లూ గెలిచింది. ఆమె తరం అమ్మాయిలకు సొంత ఊళ్లో టూర్ పోటీ వైల్డ్ కార్డు లేదు. పాయింట్ల కోసం పుణె, ముంబయి, బెంగళూరు, చెన్నై వెళ్లాలి, లేదంటే విదేశాలకు ప్రయాణం కట్టాలి. ఇక మహబూబ్‌నగర్, నల్లగొండ పిల్లలకైతే పాయింట్ల మాట అటుంచి, ముందు వంద కిలోమీటర్లు బస్సెక్కి హైదరాబాద్ చేరితేనే మంచి కోర్టు, పొద్దున ఆరింటికి అక్కడ నిలబడే కోచ్. 2016లో ఈ రెండు జిల్లాలను విడదీసి సూర్యాపేట, యాదాద్రి, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల జిల్లాలు చేశారు, 2019లో నారాయణపేట వచ్చింది. కొత్త జిల్లా కేంద్రాల్లో కలెక్టరేట్లు కడుతూ వచ్చారు. వాటి పక్కనే బడి పిల్లలందరికీ గేటు తెరిచి ఉండే రెండు కోర్టులు, జీతమిచ్చి పెట్టుకున్న ఒక కోచ్, ఫతే మైదాన్‌లో ఏటా ఒక అంతర్జాతీయ మహిళల పోటీ: క్రీడా శాఖ తలచుకుంటే ఈ మూడూ వచ్చే బడ్జెట్‌లోనే మొదలుపెట్టవచ్చు.