40 రోజుల ఛుట్టీ, ఖిల్లా చుట్టూ నడక

పోయిన ఎపిసోడ్‌లో జగిత్యాల ఖిల్లా గురించి మాట్లాడిన తర్వాత చాలామంది వాయిస్ మెసేజులు పెట్టిండ్రు. మైకు ముందు సగం మర్చిపోయిన, సగం ముందుది వెనక, వెనకది ముందు చెప్పిన. అందుకే ఇప్పుడు కూర్చొని రాస్తున్న. నేను ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చదివిన మనిషిని, చరిత్ర పంతులును కాదు. గోడ చూపిస్తే గోడ సంగతి చెప్పగలను, అంతే.

ఈ కథ మొదలైంది మాత్రం జగిత్యాలలో కాదు, అల్ ఐన్‌లో. మా సైట్ వెనక ఒక గాఫ్ చెట్టు ఉండేది. దాన్ని కొట్టొద్దని డ్రాయింగ్‌లోనే గుర్తు పెట్టిండ్రు, చుట్టూ బారికేడ్ కూడా వేయించిన. గాఫ్ ఈ దేశపు జాతీయ వృక్షం కాబట్టి అంత మర్యాద. ఒక రోజు పొద్దున కోరుట్ల పిల్లగాడు ఒకడు, స్టీల్ ఫిక్సర్, నా దగ్గరికి ఉరికొచ్చి "సార్, జమ్మి చెట్టు మీద పాలపిట్ట కూసున్నది, మన దసరా ఈడనే అయిపోయింది" అన్నడు. నేను వాని ముఖం చూసిన. గాఫ్ అంటే జమ్మే. రెండూ ఒకే చెట్టు. పదకొండేళ్ల నుంచి గల్ఫ్‌లో ఈ చెట్లను చూస్తున్న, నాకు తట్టలేదు. పాలపిట్ట కూడా ఇక్కడికి దారి తప్పి వచ్చింది కాదు, ఎమిరేట్స్‌లో ఏడాది పొడుగునా ఉండే పిట్ట. కూర్చున్నప్పుడు మట్టిరంగు, రెక్క విప్పితే నీలం. బారికేడ్ మీదికి దిగి ఒక మిడతను పట్టుకొని మళ్లీ కొమ్మ మీదికి పోయింది.

ఆ వారమే సెలవు రోజున జాహిలీ కోటకు పోయిన. 1890ల్లో కట్టిన మట్టి ఇటుకల కోట. నున్నగా మరమ్మతు చేసి, లోపల లైట్లు పెట్టి, గేటు దగ్గర మనిషిని కూర్చోబెట్టిండ్రు. నేను గోడ చుట్టూ రెండుసార్లు తిరిగిన. మా ఊరి ఖిల్లా దీనికంటె దాదాపు నూట యాభై ఏళ్లు పెద్దది. చిన్నప్పుడు అందులో పతంగులు ఎగరేసినం తప్ప, దాని గోడ మందం ఎంతో కూడా నాకు తెలియదు. ఇక్కడ బేస్‌మెంట్ రిటైనింగ్ వాల్ మందం అడిగితే నిద్రలో కూడా చెప్తా.

మన ఛుట్టీలు ఎట్లుంటయో మీకు చెప్పే పనిలేదు. బ్యాంకు, పంటి డాక్టరు, రెండు పెండ్లిళ్లు, ఒక చావు ఇంటి పరామర్శ, ఎవరికి ఏం తేలేదని అలకలు. ఊళ్లో అడుగు కింద పెట్టం, అంతా బండి మీదనే. ఈసారి బాపుకు షుగర్ పెరిగింది, రోజూ నడవాలని డాక్టర్ గట్టిగా చెప్పిండు. ఒక్కడే పోనంటడు. సరే పా అని నేను కూడా పొద్దున ఐదున్నరకు లేచి చెప్పులేసుకున్న. నడక అట్ల మొదలైంది, గొప్ప ఆలోచనతో ఏం కాదు.

మొదటి వారం చింతకుంట చెరువు దిక్కు పోయినం. బాపు అడుగుకొకసారి ఆగుతడు. కాళ్లు నొచ్చి అనుకున్న, కాదు, చూడడానికి ఆగుతడు. "అగో, బుడుబుంగ" అంటడు, నేను తిరిగేసరికి నీళ్లలో మునిగిపోయి ఇరవై అడుగుల అవతల తేలుతది. నీటికాకి రెక్కలు ఆరేసుకొని రాయి మీద కూర్చుంటది. దాని రెక్కలు నూనె పట్టినట్టు ఉండవు, నీళ్లు పీలుస్తయి, అందుకే బరువు పెరిగి లోతుకు మునగగలదు, అందుకే పైకొచ్చినంక ఆరబెట్టుకోవాలి. తీతువు అరిస్తే మా అవ్వ అపశకునం అంటది. బాపు నవ్వుతడు, "అది నేల మీద గుడ్లు పెడతది కొడుకా, మన కాలు పడుతదని దాని భయం" అంటడు. నలభై నాలుగేళ్ల వయసులో ఈ సంగతి మొదటిసారి విన్న.

రెండో వారం నుంచి ఖిల్లా. ఇక్కడ కొంచెం ఆగి చెప్తా, ఎందుకంటే ఇది మన పని వాళ్లందరికీ అర్థమయ్యే విషయం.

జగిత్యాల ఖిల్లా పైనుంచి చూస్తే నక్షత్రం లెక్క ఉంటది. మన దిక్కు మామూలు కోటలకు గుండ్రటి బురుజులు ఉంటయి. గుండ్రటి బురుజుకు ఒక లోపం ఉంది. దాని ముక్కు కింద కొంత జాగా పక్క బురుజు మీద ఉన్నవానికి కనబడదు. శత్రువు అక్కడిదాకా చేరితే ఇక పైనుంచి గుండు తగలదు. అదే బురుజును బాణం ములికి లెక్క కోణంగా కడితే దాని రెండు వైపులూ పక్క బురుజుల నుంచి సాఫ్‌గా కనబడతయి. సైట్‌లో సీసీటీవీ పెట్టినట్టు అనుకోండి. ఒక కెమెరా తన కింద ఉన్న చీకటిని చూడలేదు, పక్క కెమెరా చూస్తది. గోడలు ఎత్తు తక్కువ, మందం ఎక్కువ. రాతి ముఖం వెనక మట్టి నింపుడు. ఫిరంగి గుండు తగిలితే గోడ పగిలిపోకుండా ఆ దెబ్బను మట్టి మింగుతది. బయట కందకం. బురుజుల మీద ఫిరంగులు ఇప్పటికీ ఉన్నయి. ఈ పద్ధతి యూరప్‌ది. ఫిరంగులు వచ్చినంక ఇటలీలో మొదలై, ఫ్రాన్స్‌లో వోబాన్ అనే ఇంజినీరు చేతిలో బాగా ముదిరింది.

మరి అది జగిత్యాలకు ఎట్ల వచ్చింది? ఎలగందల్ చేతిలో ఉంచుకున్న జఫరుద్దౌలా ఇబ్రహీం ఖాన్ ధంసా ఫ్రెంచి ఇంజినీర్లతో 1747లో కట్టించిండని చెప్తరు. నిర్మల్ కోటల వెనక ఉన్నది కూడా ఈయన పేరే. మా ఊళ్లో దీనికి ఒక కథ కూడా ఉంది. జాక్, తాల్ అని ఇద్దరు ఫ్రెంచోళ్లు కట్టిండ్రట, వాళ్ల పేర్ల మీదనే జగిత్యాల అయిందట. బడిలో ఈ కథ విని మేం ఎంత గర్వపడ్డమో.

నాకు ఇప్పుడు ఆ కథ మీద నమ్మకం లేదు. హనుమకొండ వేయిస్తంభాల గుడి దగ్గర కాకతి రుద్రదేవుని శాసనం ఉంది, 1163 నాటిది. అందులో రుద్రదేవుని తండ్రి ప్రోలరాజు కాలంలో జగద్దేవుడు అనే రాజు అనుమకొండను ముట్టడించి ఓడిపోయిన సంగతి ఉంది. రుద్రదేవుడు ఓడించిన వాళ్లలో పొలవాస ఏలిన మేడరాజు పేరు కూడా ఉంది. ఆ పొలవాసే మన పొలాస, జగిత్యాల పక్క ఊరు. ఊరి పేరు జగద్దేవుని నుంచి వచ్చిందనే మాట నాకు ఎక్కువ సబబు అనిపిస్తది. ఫ్రెంచోళ్లు రాకముందు ఆరు వందల ఏళ్ల కిందటి పేరు అది. ఇంకొకటి. బుస్సీ ఫ్రెంచి సైన్యంతో హైదరాబాద్‌కు వచ్చింది 1751లో. 1747 నాటికి ఆ సైన్యం ఇంకా ఇటు రాలేదు. అంటే ఆ సంవత్సరం మొదలుపెట్టిన పని తర్వాత పూర్తయి ఉండాలి, లేదంటే సైన్యం కంటే ముందే పనిమంతులు వచ్చి ఉండాలి. రెండోది కూడా నాకు వింత కాదు. సైన్యం లేకుండా, ఒక్క కాంట్రాక్టు కాగితం పట్టుకొని పరాయి దేశంలో గోడలు కట్టేవాళ్లు ఎట్లుంటరో మనకు తెలియదా?

పొలాసకు ఒక ఆదివారం పోయినం. పౌలస్త్యేశ్వరుని గుడి చూసి, వ్యవసాయ పరిశోధన కేంద్రం పక్కనుంచి నడిచినం. క్యాంపులో మనం కొనుక్కోలేక మొహం వాచే జగిత్యాల సన్నాలు ఈ పొలాల్లోనే తయారైన వంగడం. ఒకప్పుడు రాజధాని, ఇప్పుడు వరి పేరు. గట్టు మీద తుమ్మ చెట్టుకు గిజిగాని గూళ్లు వేలాడుతున్నయి, కొన్ని సగంలో వదిలేసినవి. మగ పిట్ట సగం అల్లి ఆడపిట్టను పిలుస్తది, నచ్చకపోతే ఆ గూడు అట్లనే ఉంటది. బాపు నా దిక్కు చూసి "మనూళ్లె ఇండ్ల లెక్క" అన్నడు. గల్ఫ్ పైసలతో పిల్లర్ల దాక లేపి ఆపేసిన ఇండ్ల సంగతి అది.

మళ్లీ ఖిల్లాకు వస్తా. గోడ సందుల్లో రావి మొలకలు ఉన్నయి. గోరెంకలు, గబ్బిలాలు రావి పండ్లు తిని గోడ మీద రెట్ట వేస్తే, ఆ గింజ రాతి సందులో సున్నం తేమకు మొలుస్తది. మొదట్ల వేరు దారం అంతనే ఉంటది, పదేళ్లకు నా చెయ్యంత, ఆ తర్వాత రాయిని బయటికి నెడతది. పిట్టను ఏం అంటం? పైన కొమ్మ కొడితే సరిపోదు, వేరు బతికి ఉంటే మళ్లీ లేస్తది. సందులను సిమెంటుతో నింపడం ఇంకా తప్పు. పాత గోడ డంగు సున్నంది. సున్నం ఊపిరి పీల్చినట్టు తేమను లోపలికి, బయటికి పోనిస్తది. సిమెంటు పూస్తే తేమ లోపలనే చిక్కి రాయి ముఖం పొరలుగా రాలుతది. మన తమ్ముళ్లు ఎవరైనా ఊళ్లో పాత గుడికో, పాత ఇంటికో చందా వేసి మరమ్మతు చేయిస్తుంటే, దయచేసి ఈ ఒక్క మాట మేస్త్రికి చెప్పండి.

అట్ల ఒక పొద్దున బాపు గోడ పక్కన రాయి మీద కూర్చున్నడు. కమాను పైన కొడవలి రెక్కల పిట్టలు గిరగిర తిరుగుతున్నయి. ఉన్నట్టుండి "నేను ఈ ఊరికి మొదటిసారి నడిచే వచ్చిన" అన్నడు. ఎప్పుడు అని అడిగిన.

"జైత్రయాత్రకు."

1978 సెప్టెంబర్ 7. చుట్టు ఊళ్ల నుంచి వేల మంది రైతు కూలీలు జగిత్యాలకు నడిచి వచ్చిన రోజు. వెట్టి పోవాలని, కూలి పెంచాలని, దొరల చేతిలో ఉన్న భూములు దున్నేటోళ్లకు రావాలని. తర్వాత నెలన్నర తిరగకముందే, అక్టోబర్ 20న, జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను సర్కారు కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఈ తేదీలు నేను తర్వాత చదివి తెలుసుకున్నయి. బాపు చెప్పింది వేరు. ఆయన అప్పుడు ఇరవై నాలుగేళ్ల జీతగాడు. దొర ఇంట్లో ఏడాదికి ఇన్ని వడ్లని మాట, ఆ మాట కూడా చాలాసార్లు తప్పేది. "చెప్పులు చేతుల పట్టుకొని దొర గడి ముంగట నుంచి పోవుడు అలవాటు. ఆ రోజు కాళ్లకేసుకొని పోయిన. అంతే నాకు యాదికున్నది" అన్నడు. పోలీసు క్యాంపులు పడ్డంక ఆయన రాత్రికి రాత్రి బొంబాయికి పోయిండు, ఆరేండ్లు బట్టల మిల్లుల్లో, బిల్డింగుల్లో పని చేసిండు. నేను పుట్టినప్పుడు ఊళ్లో లేడు. నాకు కొడుకు పుట్టినప్పుడు నేను కూడా లేను.

బాపు బొంబాయికి పైసల కోసం పోయిండనే నేను ఇన్నేళ్లు అనుకున్న.

ఇంటికొచ్చినంక స్నానం చేసి వాకిట్లో కూర్చున్న. మా కొత్త ఇంటి మెట్టు కింద చెక్కిన రాళ్లు ఉన్నయి, నాలుగు మూలలు సాఫ్‌గా. 2012లో నేను ఫోన్‌లో మేస్త్రికి చెప్పి కట్టించిన ఇల్లు. రాయి సస్తాగా దొరికిందన్నడు, బిల్లు తగ్గిందని నేను ఖుషీ అయిన, ఎక్కడిదని అడగలే. ఆ రోజు వంగి చూస్తే ఒక రాయి పక్కకు ఎండిపోయిన సున్నం అంటుకొని ఉంది, గోరుతో గీకితే పొడి రాలే సున్నం. కొత్త క్వారీ రాయికి సున్నం ఎక్కడిది? ఉలి దెబ్బలు కూడా మిషన్‌వి కావు, వరసగా, వాలుగా, చేతితో కొట్టినవి. మేస్త్రికి ఫోన్ చేసిన. "ఏదో పాత గోడ పడిపోతే ట్రాక్టర్ల మీద తెచ్చిండ్రు అన్నా, గప్పుడు అందరు గట్లనే కట్టుకున్నరు" అన్నడు. ఏ గోడ అంటే తనకు యాదికి లేదన్నడు. ఖిల్లాది కాకపోవచ్చు. గడి గోడ కావచ్చు, పాత ఇల్లు కావచ్చు. కానీ అది ఎవరిదో గోడ. ఇరవై ఏళ్లు నేను సైట్‌కు వచ్చిన ప్రతి ట్రక్కుకు డెలివరీ నోట్ అడిగిన మనిషిని.

బాపుకు చూపించిన. ఆయన చేయి పెట్టి తడిమి, "గడి రాయైతే మంచిగనే అయింది, ఇగ దాని మీద చెప్పులేసుకొని ఎక్కుతున్న" అని నవ్విండు. నాకు మాత్రం నవ్వు రాలే.

మిగిలిన పన్నెండు రోజులు కొడుకును కూడా లేపి తీసుకపోయినం. మొదట ముఖం మాడ్చుకున్నడు, మూడో రోజు నుంచి ఫోన్‌లో పిట్టల ఫొటోలు తీసుడు షురూ చేసిండు. నేను రావి మొలకలు ఉన్న చోట్లన్నీ లెక్కబెట్టి, అడుగులతో కొలిచి ఒక స్కెచ్ గీసిన. కాపీ ఒకటి ఇంట్లో పెట్టి వచ్చిన. వచ్చే ఛుట్టీకి వేళ్లు ఎంత లావైనయో దాంతో పోల్చి చూడాలి.

నిన్న రాత్రి డ్యూటీ దిగి క్యాంపుకు వస్తుంటే వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. మా మెట్టు కింద, సున్నం అంటిన ఆ రాయి మీద తొండ ఒకటి తల ఎత్తుకొని ఉంది. కింద మావోడు రాసిండు, "తాత అడుగుతున్నడు, మీ సైట్ల జమ్మి చెట్టు ఇంక ఉన్నదా అని."

ఉన్నది. మధ్యాహ్నం చూసొచ్చిన.