పుట్టే గ్రహాలకు ఎదురుగాలి

సూర్యుడి చుట్టూ తిరిగిన వాయుమేఘం నుంచే గ్రహాలు పుట్టాయని 1755లో కాంట్, 1796లో లాప్లాస్ ఊహించారు. ఆ వాయువును ముడిసరుకుగానే చూడటం మనకు అప్పటి నుంచే అలవాటైంది. పుట్టిన గ్రహాన్ని అది కదిలించగలదని తర్వాతి తరాలు కూడా చాలాకాలం పట్టించుకోలేదు.

అసలు లెక్కలు 1970లలో మొదలయ్యాయి. 1972లో ఫ్రెడ్ విపుల్ అందుకున్న కొసను 1977లో స్టువర్ట్ వైడెన్‌షిలింగ్ పూర్తిగా లాగారు. వాయువుకు సొంత పీడనం ఉంటుంది. అది సూర్యుడి ఆకర్షణను కొంత తగ్గిస్తుంది కాబట్టి వాయువు కాస్త నెమ్మదిగా తిరుగుతుంది. రాయికి ఆ ఆసరా లేదు, అది పూర్తి వేగంతో పోవలసిందే. అంటే రాయికి ఎప్పుడూ ఎదురుగాలే, సెకనుకు సుమారు 50 మీటర్ల వేగంతో. ధూళి ఆ గాలితోనే కొట్టుకుపోతుంది, కొండంత గుండుకు అది లెక్కే కాదు. చిక్కంతా మీటరు సైజు రాళ్లకే. భూమి ఉన్న దూరంలో అలాంటి రాయి వేగం కోల్పోతూ, చుట్లు తిరుగుతూ వందేళ్లు గడిచేసరికి సూర్యుడిలో పడిపోతుంది. మరి గ్రహాలు ఎలా పెరిగాయి? 2005లో యూడిన్, గుడ్‌మన్ ఒక దారి చూపారు. రాళ్లు కూడా తిరిగి వాయువును నెడతాయి. ఆ తోపులాటలోనే అవి ఒకచోట గుమిగూడతాయి.

పెద్ద గ్రహాల సంగతి వేరు. వాటిని కదిలించేది గాలి తాకిడి కాదు, గురుత్వాకర్షణ. గ్రహం వాయువులో సర్పిలాకార అలలు లేపుతుంది. లోపలి అల దాన్ని ముందుకు నెడితే బయటి అల వెనక్కి లాగుతుంది. 1980లో గోల్డ్‌రైక్, ట్రిమేన్ ఈ లెక్క కట్టి, గురుగ్రహ కక్ష్య కొన్ని వేల ఏళ్లలోనే బాగా మారిపోయి ఉండాలని తేల్చారు. బయటి అలదే సాధారణంగా పైచేయి అనీ, గ్రహం లోపలికే జారుతుందనీ 1986లో విలియం వార్డ్ చూపించారు. భారీ గ్రహమైతే వాయువులో ఖాళీ దారి తొలుచుకుని, ఆ వాయువుతో పాటే కదులుతుందని అదే ఏడాది లిన్, పపలోయిజు రాశారు. ఇంత స్పష్టమైన ఫలితాలు ఏళ్ల తరబడి మూలన పడి ఉండటం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. మన సౌరకుటుంబం కుదురుగా కనిపించడమే అందుకు ప్రధాన కారణమని నా నమ్మకం.

1995లో మేయర్, కెలోజ్ 51 పెగాసి బి గ్రహాన్ని కనుగొన్నారు. గురుగ్రహం బరువులో దాదాపు సగం ఉన్న ఆ గ్రహం తన నక్షత్రాన్ని 4.2 రోజుల్లోనే చుట్టేస్తోంది. అంత వేడిలో, అంత తక్కువ సరుకుతో అది అక్కడే పుట్టిందనడం కష్టం. దూరంగా పుట్టి, వాయువు ఈడ్చుకొస్తే వచ్చిందని మరుసటి ఏడాదే లిన్, బోడెన్‌హైమర్, రిచర్డ్‌సన్ ప్రతిపాదించారు. పాత లెక్కలకు అలా విలువ వచ్చింది.

వెంటనే ఇంకో చిక్కు. సూర్యుడి నుంచి మనకున్న దూరానికి 5 రెట్ల దూరంలో పుట్టినా, భూమి అంత గ్రహం సుమారు 8 లక్షల ఏళ్లలో లోపలికి జారిపోతుందని 2002లో తనాకా బృందం లెక్కకట్టింది. బరువు పెరిగేకొద్దీ ఆ గడువు ఇంకా తగ్గుతుంది. వాయువేమో కొన్ని మిలియన్ల ఏళ్లు ఉంటుంది. ఆ వాయువులోని వేడిని కూడా లెక్కలోకి తీసుకుంటే గ్రహం బయటికీ పోగలదని 2006లో పార్డెకూపర్, మెల్లెమా చూపడంతో ఊపిరి ఆడింది. గురుడు ఒకప్పుడు అంగారకుడి దాకా వచ్చి, శని కారణంగా వెనుదిరిగాడని 2011లో వాల్ష్ బృందం చెప్పిన కథ ఆకర్షణీయమే కానీ రుజువు కాలేదు.

ఇప్పుడు కళ్లకు కనిపించే సాక్ష్యం కూడా ఉంది. 370 కాంతి సంవత్సరాల దూరంలోని పీడీఎస్ 70 నక్షత్రం చుట్టూ, వాయుధూళి చక్రం మధ్య ఖాళీలో 2018లో ఒక గ్రహం, 2019లో మరొకటి దొరికాయి. లోపలిది రెండు చుట్లు తిరిగేసరికి బయటిది దాదాపు ఒక చుట్టు పూర్తిచేస్తోంది. వాయువులో జారే జంట గ్రహాలు ఇలాంటి లయలో చిక్కుకుంటాయని కంప్యూటర్ నమూనాలు అంతకు చాలా ముందే చెప్పాయి.